గుర్రం పడితే కెమెరా చూస్తుంది!

గుర్రప్పందెం అంటే మన పాలమూరు వాళ్లకి గుర్తొచ్చేది హైదరాబాద్ మలక్‌పేటే. 1886 నుంచీ పందేలకు పేరుపడ్డ చోటది. అయితే అక్కడ గుర్రాలు చదునైన నేల మీదే పరుగెత్తుతాయి. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ దగ్గరున్న ఎయిన్‌ట్రీలో అలా కాదు. దాదాపు ఏడు కిలోమీటర్ల పరుగు... దారి పొడవునా కంచెలు, కందకాలు... మొత్తం 30 సార్లు ఎగిరి దూకాలి! 1839 నుంచి లెక్కలోకి వస్తున్న ఆ పందెం పేరు గ్రాండ్ నేషనల్.

1960లో బీబీసీ తొలిసారి దాన్ని టీవీలో చూపించింది. అంతే... ఇంటిల్లిపాదీ కలిసి చూసే పండగైపోయింది. 1973, 74, 77లలో గెలిచిన రెడ్‌రమ్ అనే గుర్రం సినిమా తారంత పేరు తెచ్చుకుంది. 2021లో రేచల్ బ్లాక్‌మోర్ ఆ పందెం గెలిచిన తొలి మహిళా జాకీ అయింది. కరోనా వల్ల అప్పుడు మైదానంలో ప్రేక్షకులే లేరు. ఆ గెలుపును లోకం చూసింది టీవీలోనే!

కానీ కెమెరా గెలుపునొక్కటే చూపించి ఊరుకోదుగా! 2011లో రెండు గుర్రాలు పడి చనిపోయాయి. రెండోసారి చుట్టి వచ్చేటప్పుడు మిగతా గుర్రాలను ఆ కంచెల పక్కనుంచి మళ్లించారు. పైనుంచి తీసిన దృశ్యాల్లో టార్పాలిన్లు కప్పిన కళేబరాలు కనిపించాయి. పిల్లలతో కలిసి చూస్తున్నవాళ్ల మనసు చివుక్కుమంది. విమర్శలు వెల్లువెత్తాయి. మరుసటేడూ రెండు గుర్రాలు చనిపోయాయి.

జంతుప్రేమికులు ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్న మాటకు ఆ దృశ్యాలు బలమిచ్చాయి. 2013లో కంచెల లోపలి కొయ్య దిమ్మలు తీసేసి, తగిలితే వంగే ప్లాస్టిక్ పెట్టారు. 2024లో గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కి తగ్గించారు. బ్రిటన్‌లో ఇలాంటి పందేల్లో కొరడా దెబ్బలు ఏడుకు మించకూడదన్న నిబంధన 2023లో వచ్చింది. మరో నాలుగు ఎక్కువైతే గెలిచినా అనర్హతే! అయినా ముప్పు పూర్తిగా పోలేదు. 2025లో ఓ గుర్రం పందెంలో కుప్పకూలి, కొద్దిరోజులకే కన్నుమూసింది.

ఎక్కడో ఇంగ్లండ్ గొడవ మనకెందుకంటారా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో జాతరొచ్చిందంటే బండలాగుడు పోటీలు ఉండాల్సిందే. ఇప్పుడు అలాంటి పోటీలు యూట్యూబ్‌లోనూ ప్రత్యక్షంగా వస్తున్నాయి. బతుకుదెరువుకు బెంగళూరు పోయిన కుర్రాడు కూడా ఫోన్లో చూసి ఈల వేస్తాడు. మంచిదే. కానీ అదే ఫోన్లో ఎద్దు వీపు మీద పడే చర్నాకోల దెబ్బా కనిపిస్తుంది, నురగలు కక్కే నోరూ కనిపిస్తుంది.

ఎద్దును ఇంట్లో మనిషిలా సాకే రైతుకు దాని నొప్పి గురించి ఒకరు చెప్పక్కర్లేదు. పోటీ పెట్టేవాళ్లే ముందుకు రావాలి. దెబ్బలకు లెక్క పెట్టడం, ఎద్దు కూలబడితే పోటీ ఆపడం, పశువైద్యుణ్ని దగ్గరుంచడం... ఇవేమీ కోట్ల ఖర్చు కాదు. ఈసారి జాతరకు బహుమతుల జాబితాతోపాటు ఈ మూడూ కరపత్రంలో వేయిస్తే ఎంత బాగుంటుంది!