బిట్లు దాటని విద్యాహక్కు

విద్యాహక్కు చట్టం ఎప్పుడు అమల్లోకి వచ్చిందని నంద్యాలలో డీఎస్సీకి చదివే ఎవరినైనా అడగండి. 2010 ఏప్రిల్ 1 అని తడుముకోకుండా చెబుతారు. 86వ రాజ్యాంగ సవరణ, 21-ఎ అధికరణ వారికి కొట్టినపిండి. కొలువులో ఉన్న టీచర్లకూ 23వ సెక్షన్ ఇప్పుడు నోటికొచ్చింది. సర్వీసులో ఉన్నవారూ టెట్ పాస్ కావాల్సిందేనని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది మరి. ఉద్యోగం తెచ్చే సెక్షన్లు, ఉద్యోగానికి ఎసరు పెట్టే సెక్షన్లు తెలుస్తున్నాయి. పిల్లల్ని బడిలో నిలిపే సెక్షన్ల మాటేమిటి?

ఆళ్లగడ్డ ప్రాంతాన్నే తీసుకుందాం. హైబ్రిడ్ పత్తి విత్తనాల సాగులో మొగ్గలోని కేసరాలు చేత్తో తీసేసి, మర్నాడు పొద్దున్నే మగపూల పుప్పొడి అద్దాలి. ఈ క్రాసింగ్ పనికి ఆడపిల్లల్ని పెట్టుకున్నందుకే ఉమ్మడి కర్నూలు జిల్లా పేరు ఒకప్పుడు విదేశాల దాకా పాకింది. ఆ పని నడిచేది సరిగ్గా బడి నడిచే నెలల్లోనే.

అలా చేలోకి వెళ్లిన పిల్ల నవంబరులో బడి గడప తొక్కితే ఏం జరగాలి? ‘ఏడాది మధ్యలో కుదరదు, జూన్‌లో రా’ అనకూడదు. ఆలస్యమైందని చేర్చుకోకపోవడం 15వ సెక్షన్‌కు విరుద్ధం. టీసీ రాలేదని ఆపడానికి 5వ సెక్షన్, వయసు పత్రం లేదని తిప్పి పంపడానికి 14వ సెక్షన్ ఒప్పుకోవు. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన చదువును ప్రత్యేక శిక్షణతో అందుకునేలా చేయాలంటుంది 4వ సెక్షన్. ఈ నాలుగూ తెలిసిన టీచరు ఆ పిల్లను వాపసు పంపలేరు.

తప్పంతా టీచర్లదే అనడం అన్యాయం. వారికి చట్టాన్ని బిట్లుగా నేర్పింది మన పరీక్షలే. నిజానికి ఈ చట్టం టీచరుకూ రక్షణే. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర బోధనేతర పనులు అప్పగించరాదని 27వ సెక్షన్ చెబుతోంది. యాప్‌లలో ఫొటోలు ఎక్కించలేక విసిగిన పంతుళ్లు ముందుగా చదవాల్సింది దాన్నే.

పరిష్కారానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదివి వినిపించే బదులు, ఆ నెలలో బడి మానిన ఒక్కో పిల్ల సంగతి తీసుకుని ఏ సెక్షన్ వర్తిస్తుందో చర్చించాలి. అధికారులే మాట్లాడకుండా, నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాల్సిన యాజమాన్య కమిటీల్లోనూ ఇదే చర్చ జరగాలి. ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చాలన్న 32వ సెక్షన్‌ను బడి గోడమీద రాయించాలి.

అన్నిటికన్నా ముందు ప్రశ్నపత్రం మారాలి. చట్టం వచ్చిన తేదీ అడగడం మానేసి, ‘టీసీ లేని పదేళ్ల పిల్ల నవంబరులో బడికొచ్చింది, మీరేం చేస్తారు?’ అని డీఎస్సీలో అడగాలి.