గండికి బిడ్డను అడ్డం వేయొద్దు

పొద్దున ‘నువ్వే నా పానం’ అన్న అమ్మ, కాలేజీ బస్సు అరగంట ఆలస్యమైతే ‘నా కడుపున ఎందుకు పుట్టినావే’ అంటుంది. మందు తాగి సస్తానని తలుపు వేసుకుంటుంది. తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు సద్ది కడుతుంది. బుక్కరాయసముద్రంలో ఇలాంటి ఇల్లు మీకు తెలిసి ఉంటే ఈ మాట వాళ్ల చెవిన వేయండి.

వందసార్లు అన్నది కదా అని ఆ బెదిరింపును కొట్టిపారేయొద్దు. సేద్యం చేసే ఇంట్లో పురుగుమందు డబ్బా చేతికందే దూరంలోనే ఉంటుంది. ఆవేశం ఉండేది కాసేపే, ఆ కాసేపట్లో చేతికి ఏది దొరికిందన్నదాని మీదే ప్రాణం ఆధారపడుతుంది. డబ్బాను ఈరోజే ఇల్లు దాటించి వేరేచోట తాళం వేయండి. ఒకవేళ తాగితే ఉప్పునీళ్లు పోసి కక్కించొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకుపోండి. కేసవుతుందని దాచిపెట్టొద్దు: ఆత్మహత్యకు యత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించొద్దని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ఈ తీరు వెనక బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ ఉండొచ్చు. అయినవాళ్లు వదిలేస్తారన్న భయం, ఒకే మనిషి ఒక పూట దేవుడిలా మరో పూట ద్రోహిలా కనబడటం వంటి తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఉంటేనే డాక్టర్లు ఆ పేరు పెడతారు. డిప్రెషన్, బైపోలార్ కూడా పైకి కొంత ఇట్లే ఉంటాయి. అందుకే ఫోన్లో చదివిన జబ్బు పేరును అమ్మ ముఖాన కొట్టొద్దు. ‘నీకు నిద్ర లేదు, నలిగిపోతున్నావు, డాక్టరు దగ్గరికి నేనూ వస్తానమ్మా’ అనండి. బార్డర్‌లైన్ నయం చేయలేని రోగం కానే కాదు. దీనికి డీబీటీ అనే చికిత్సను రూపొందించిన మార్షా లైనహాన్, తానూ వయసులో ఇదే నరకం పడ్డానని 2011లో బయటపెట్టింది.

మన చెరువుకట్టకు ముసలమ్మ కథ ఉంది. గండి పడితే ఊరి కోసం ప్రాణమిచ్చిన ఆ కోడలి మీద కట్టమంచి రామలింగారెడ్డి కావ్యమే రాశాడు. ఆమెకు మొక్కుదాం. ఇంట్లో గండి పడ్డ ప్రతిసారీ పెద్ద కూతుర్ని మాత్రం అందులోకి తోయొద్దు. ‘తల్లి కదా, సర్దుకోమ్మా’ అని మనం అన్న ప్రతిసారీ చేస్తున్నది అదే. పదమూడేళ్ల పిల్ల బడి మానేసి అమ్మ తలుపు దగ్గర కాపలా కూర్చుంటే, ఆ పిల్లకే ఆపద వచ్చిందని అర్థం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి.

వయసొచ్చిన బిడ్డలూ, అమ్మ ఏడుస్తుందని చదువు, ఉద్యోగం, పెళ్లి ఆపుకోవద్దు. కేకలు మొదలైతే వాదన పెట్టుకోకండి. ‘బయటికి పోయి ఏడింటికి వస్తా’ అని చెప్పి, సరిగ్గా ఏడింటికే రండి. చావు మాట ఎత్తిందంటే మాత్రం ఆమెను ఒంటరిగా వదలొద్దు, పిన్నమ్మనో మామనో పిలవండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. అనంతపురం సర్వజన ఆసుపత్రి ఎంతో దూరం లేదు.

పిన్నమ్మలూ, మామలూ, ఈ రాత్రి ఆ తలుపు దగ్గర మీరు కూర్చోండి. పిల్లను మీ ఇంట్లో పడుకోబెట్టండి. దానికి రేపు బడి ఉంది.