కూడలిలో ఊరు

‘రహదారి’ అన్న మాట పారశీకం నుంచి మనకు వచ్చింది. ‘రాహ్’ అంటే దారి. మొగలుల కాలంలో ‘రాహ్‌దారీ’ అంటే మాత్రం దారి కాదు. దారి కాచేవారు బాటసారుల దగ్గర వసూలు చేసే సుంకం. తెలుగులో కాలక్రమాన సుంకం జారిపోయి దారి మిగిలింది. 2021 ఫిబ్రవరిలో టోల్‌గేట్ల వద్ద ఫాస్టాగ్‌ను తప్పనిసరి చేశాక, కారు అద్దానికి అంటించిన ఆ చీటీ ద్వారా సొమ్ము పోయినప్పుడల్లా ఈ మాట ఒకసారి పుట్టింటికి వెళ్ళి వచ్చిందనిపిస్తుంది నాకు.

ఈ ముచ్చటతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. మాట అలాగే నిలిచి, దాని అర్థం మాత్రం మారిపోవడం మన కళ్ళముందే మళ్ళీ జరుగుతోంది. ఊరిని ఊరితో కలిపేదాన్ని దారి అన్నాం. ఈనాడు ఊరికి అడ్డంగా నిలిచేదాన్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తున్నాం.

సబ్బవరం సంగతే చూడండి. అనకాపల్లి నుంచి పెందుర్తి వెళ్ళే దారిలో ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారింది. ఒకనాడు మద్రాసు–కలకత్తా జాతీయ రహదారికి ఈ ఊరితో పని లేదు. పాత ఐదో నంబరు రహదారి అనకాపల్లి దాటి, లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాకల మీదుగా నగరంలో ప్రవేశించి, మద్దిలపాలెం, మధురవాడ దాటి ఆనందపురం చేరేది. ఉక్కు కర్మాగారం బస్సులు, రేవు లారీలు, బడిపిల్లల ఆటోలు అన్నీ ఆ ఒక్క తారు మీదే. 2010లో దేశమంతటా రహదారుల సంఖ్యలను మార్చినప్పుడు అది పదహారో నంబరైంది. తరువాత నగరాన్ని తప్పించడానికి అనకాపల్లి–ఆనందపురం మధ్య సబ్బవరం, పెందుర్తిల మీదుగా సుమారు 51 కిలోమీటర్ల ఆరు వరుసల బాట వేశారు.

అంతటితో ఆగలేదు. రాయపూర్ నుంచి 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త బాట ఛత్తీస్‌గఢ్, ఒడిశాలను దాటి వచ్చి సబ్బవరం దగ్గరే ముగిసేటట్లు తలపెట్టారు. అందులో ఆంధ్ర భాగానికి 2022 నవంబరు 12న ప్రధానమంత్రి విశాఖలో శంకుస్థాపన చేశారు. ఆ సరుకు రేవుకు చేరడానికి సబ్బవరం నుంచి షీలానగర్‌కు మరొక బాట సంకల్పించారు. మూడు జాతీయ రహదారుల కలయిక! తెలుగు బ్లాగరులకు ఒకప్పుడు ‘కూడలి’ అనగానే తోచే అర్థం వేరు. అక్కడ ఎవరైనా ఆగి, నాలుగు మాటలు చదువుకొని వెళ్ళవచ్చు. ఈ కూడలి స్వభావమే ఆగనివ్వకపోవడం.

జాతీయ రహదారి అన్న భావన మన దేశంలో ఇలా మొదలు కాలేదు. 1943 డిసెంబరులో దేశంలోని చీఫ్ ఇంజనీర్లు నాగపూరులో సమావేశమై ఇరవై ఏళ్ళ ప్రణాళిక ఒకటి రచించారు. జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రహదారులన్న విభజన అక్కడే రూపుకట్టింది. ఆ ప్రణాళికలోని ఒక లక్ష్యం నన్ను ఎప్పుడూ ఆకర్షిస్తుంది. వ్యవసాయం బాగా సాగే ప్రాంతంలో ఏ ఊరూ ప్రధాన రహదారికి ఐదు మైళ్ళకంటె దూరంలో ఉండరాదు. పరాయి పాలనలో, యుద్ధకాలంలో, లెక్కలు వేసుకొనే ఇంజనీర్లు తమ పనిని కొలవడానికి ఎంచుకొన్న గజంబద్ద ఊరు! ఊరి నుంచి బాటకు ఎంత దూరమన్నది వాళ్ళ ప్రశ్న.

1956 విచిత్రమైన సంవత్సరం. జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అంతర్రాష్ట్ర రహదారుల చట్టంపై సంతకం చేశాడు. సెప్టెంబరులో మన జాతీయ రహదారుల చట్టం వచ్చింది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. అమెరికావారిది ఎక్కేచోట ఎక్కి, దిగేచోట దిగవలసిన బాట; నడుమ ఎవ్వరూ అడ్డం రాకూడదు. మనది చాలాకాలం ఊళ్ళ మధ్య నుంచే సాగింది. దాని మీద ధాన్యం ఆరబెట్టారు, సంతలు పెట్టారు, టీ కొట్లు వెలిశాయి. అది ప్రమాదకరం కూడా, కాదనను. 1999 జనవరి 6న వాజపేయి స్వర్ణ చతుర్భుజికి పునాది వేశారు. 5,846 కిలోమీటర్ల ఆ పథకంతో మన గజంబద్ద మారింది. రేవు నుంచి నగరానికి ఎన్ని గంటలన్నది కొత్త ప్రశ్న. స్వాతంత్ర్యం నాటికి 21 వేల కిలోమీటర్లున్న జాతీయ రహదారులు 2023 నాటికి లక్షా నలభై వేలు దాటాయి. ఐదు మైళ్ళ మాట ఎవరికీ గుర్తు లేదు.

లాభాలను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. గాజువాకలో లారీల మధ్య ఇరుక్కుని కదలని అంబులెన్సును చూసినవారెవరూ కొత్త బాట వద్దనరు. సబ్బవరంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆ మండలంలోని వంగలిలో పెట్రోలియం విద్యాసంస్థకు 2016లో శంకుస్థాపన జరిగింది. బాట లేనిచోటికి ఇవి రావు. అడుగుతున్నదల్లా ఒక్కటే. బాట పక్కన బతికేవాడు ఈ లెక్కలో ఎక్కడున్నాడు?

మా బంధువుల ఊరొకటి ఇటువంటి బాట పక్కనే ఉంది. ఊరి పేరు, బాట పేరు ఇక్కడ అవసరం లేదు. మా పెదనాన్నకు ఇల్లు ఇవతల, మిగిలిన ఎకరంన్నర అవతల. పూర్వం గట్టు దిగితే పొలం. ఇప్పుడు కింద నుంచి దాటే దారి కోసం ఒక కిలోమీటరు పైకి నడిచి, అవతల మళ్ళీ అంతదూరం వెనక్కి రావాలి. అది చేయలేక చాలామంది నడుమనున్న ఇనుప కమ్మిని ఎక్కి దాటుతారు. “రోడ్డు బాగుందిరా బాబూ, దాటడానికే లేదు” అన్నాడాయన. ఆవును అమ్మేశాడు. పొలాన్ని కౌలుకిచ్చేశాడు. నష్టపరిహారం లెక్కల్లో ఈ నడకకు పద్దు లేదు.

కమ్మి ఎక్కేవాణ్ణి క్రమశిక్షణ లేనివాడనడం తేలిక. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 61,038 మంది జాతీయ రహదారులపై పోయారు. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో ఆ రహదారులది రమారమి రెండు శాతం. ఆ ఏడాది అన్ని రోడ్లమీదా కలిసి 32,825 మంది పాదచారులు పోయారు. ఇన్ని ప్రాణాలకు క్రమశిక్షణ ఒక్కటే జవాబు కాజాలదు. దాటవలసిన చోట దాటే ఏర్పాటు లేకపోవడాన్ని ఎవరి తప్పు అనాలి?

ఇక భూమి. విశాఖ ప్రాంతానికి ‘నిర్వాసితుడు’ అన్న మాట కొత్త కాదు. 1966లో ప్రాణాలిచ్చి సాధించుకున్న ఉక్కు కర్మాగారం కోసమే అరవైకి పైగా గ్రామాలు లేచిపోయాయి. అయితే కర్మాగారం ఊరినంతటినీ లేపితే, రహదారి ఊరిని ఉంచి, నిలువునా ఒక పేలికను కత్తిరించుకొని పోతుంది. కోల్పోయినవాడు నిర్వాసితుడని కూడా అనిపించుకోడు. 1997లో రహదారుల చట్టానికి చేసిన సవరణతో, ఇష్టం లేకపోయినా భూమి వదులుకున్నందుకు అదనంగా ఇచ్చే సొలాషియం కూడా ఆ రైతులకు లేకుండా పోయింది. ఇతర అవసరాలకు భూమి ఇచ్చిన రైతుకు ఉన్న హక్కు రహదారికి ఇచ్చిన రైతుకు లేదు. ఇది సమానత్వానికి విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది 2019 సెప్టెంబరులో, తర్సేం సింగ్ కేసులో. ఈలోగా ఎందరు రైతులు కాలం చేశారో!

2013 భూసేకరణ చట్టం కౌలుదారును కూడా బాధితుడిగా గుర్తించింది. మంచిదే. కాని మన ఊళ్ళలో కౌలు నోటిమాట మీద నడుస్తుంది. కాగితం చూపమంటే అతడి దగ్గర ఉండదు. కాగితం ఇవ్వడానికి ఆసామి జంకుతాడు. పరిహారం వచ్చేసరికి ఆసామి పట్నంలో ఫ్లాటు కొనుక్కుంటాడు, కౌలురైతు ఆ పట్నంలోనే కూలికి వెళతాడు.

మనలో చాలామంది అమెరికాలో ఆ అంతర్రాష్ట్ర రహదారుల మీద రోజూ ప్రయాణించేవారే. మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరంలో రోండో అనే నల్లజాతివారి పేట ఉండేది. 94వ నంబరు రహదారి దాని గుండెల మీదుగా పోయింది. 2015లో ఆ నగర మేయరు, రాష్ట్ర రవాణా కమిషనరు అందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు. అర్ధశతాబ్ది దాటాక వచ్చిన క్షమాపణ ఎవరి ఇల్లు నిలబెడుతుంది? వాళ్ళు ఆలస్యంగా తెలుసుకున్నది మనం ముందే తెలుసుకొనే వీలుంది.

అందుకే నా వాదం ఇది. నాగపూరు గజంబద్దను మళ్ళీ బయటికి తీయాలి. రాయపూర్ నుంచి రేవుకు ఎన్ని గంటలని చెప్పే పలక మీదనే, ఇవతలి ఇంటి నుంచి అవతలి పొలానికి ఎన్ని నిమిషాలో కూడా రాయాలి. కిందిదారి, పక్కబాట, బస్సు ఆగే చోటు – ఇవి ఊరివాళ్ళు ధర్నా చేస్తే దయతలచి ఇచ్చేవి కావు, రహదారిలో భాగమే. అవి పూర్తి కానిదే బాటను ప్రారంభించరాదు, టోలు వసూలు చేయరాదు. సుంకం తీసుకొనేవాడు బాటసారిని కాపాడాలన్నది రాహ్‌దారీ నాటి ధర్మం. కాలినడకన వెళ్ళేవాడు కూడా బాటసారే.

సబ్బవరం మీదుగా వెళ్ళేటప్పుడు మిత్రులు ఒక్కసారి పక్కబాటకు దిగి చూడండి. నడుమ కమ్మి దగ్గర గంప నెత్తిన పెట్టుకొని, లారీల వరుస ఎప్పుడు తెగుతుందా అని నిలబడే మనిషి ఒకరు తప్పక కనిపిస్తారు.