మెరుగు పెడితే చరిత్ర చెరుగుతుంది
పాత త్రీనాట్‌త్రీ తుపాకుల విషయంలో తొందర తగదు

ఏటా అక్టోబరులో పోలీసు అమరవీరుల సంస్మరణ దినం సందర్భంగా పలుచోట్ల ఆయుధాలను విద్యార్థులకు చూపిస్తుంటారు. ఆ వరుసలో త్రీనాట్‌త్రీ కనిపిస్తే పెద్దవారి చూపు అక్కడే ఆగుతుంది. ఠాణా కాపలాలో, ఎన్‌సీసీ కవాతులో దానిని భుజాన మోసిన తరం ఇంకా మన మధ్య ఉంది. ఉత్తరప్రదేశ్‌ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో ఈ తుపాకీకి వీడ్కోలు పలికారు. విధుల నుంచి తప్పుకున్న ఆయుధం ప్రదర్శన వస్తువుగా మారే వేళ ఒక ప్రశ్న ఎదురవుతుంది. దానిని కొత్తదానిలా తీర్చిదిద్దాలా? ఉన్నది ఉన్నట్లు కాపాడాలా?

ఇనుముపై ఆనవాళ్లు

బ్రిటిష్‌ సైన్యం 1907లో స్వీకరించిన ఈ లీ-ఎన్‌ఫీల్డ్‌ నమూనా రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ భారతీయ సైనికుల చేతిలో ఉంది. పశ్చిమబెంగాల్‌లోని ఇషాపూర్‌ కర్మాగారంలో దశాబ్దాలపాటు తయారైంది. 1962లో చైనాతో జరిగిన యుద్ధంలోనూ మన జవాన్లలో అత్యధికులు దీనితోనే పోరాడారు.

ఆ చరిత్రకు సాక్ష్యం తుపాకీపైనే ఉంటుంది. మడమ కర్రను బిగించే ఇనుప భాగంపై కర్మాగారం పేరు, తయారీ సంవత్సరం ముద్రించి ఉంటాయి. బోల్టుపై ఉన్న వరుస సంఖ్య తుపాకీ సంఖ్యతో కలవకపోతే ఆ భాగం తర్వాత మారిందని అర్థం. గరుకు కాగితంతో కర్రను, యంత్రంతో ఇనుమును రుద్దితే ఈ ముద్రలు అరిగిపోతాయి. పోయిన ముద్రను తిరిగి చెక్కితే అది సాక్ష్యం కాదు, నకలు మాత్రమే.

కొన్ని తుపాకుల ముందు కర్ర చుట్టూ లోహపు తీగ చుట్టి ఉంటుంది. తెలియనివారు దానిని నాటు మరమ్మతు అనుకుని విప్పేస్తారు. నిజానికి గ్రెనేడ్లు ప్రయోగించేటప్పుడు ఆ ఒత్తిడికి తుపాకీ తట్టుకునేందుకు చేసిన ఏర్పాటది. కవాతుకే పరిమితం చేసిన తుపాకుల గొట్టానికి పెట్టిన రంధ్రాలూ అటువంటివే. వాటిని పూడ్చి యుద్ధ రూపం కల్పిస్తే చూపరులకు అసత్యం చెప్పినట్లే.

మెరుపే గౌరవమా?

జవాను తన ఆయుధాన్ని ఏనాడూ మురికిగా ఉంచలేదని, తుప్పుతో నిలబెట్టడం అవమానమని పునరుద్ధరణ కోరేవారి వాదన. ఇందులో సగం నిజముంది. కాపాడటమంటే వదిలేయడం కాదు. ఎర్రగా పొడిలా రాలే తుప్పు లోహాన్ని తినేస్తూనే ఉంటుంది. దానిని ఆపి తీరాలి. కాలక్రమంలో గట్టిపడిన నల్లని పొర, చేతులు తాకి నున్నబడిన కర్ర మాత్రం తుపాకీ వయసుకు గుర్తులు. వాటిని తొలగించరాదు.

చేయవలసిన పని తక్కువే. మెత్తని గుడ్డ, పలుచని నూనె, కర్రపై వార్నిషుకు బదులు సంరక్షణకు వాడే మైనపు పూత చాలు. చెమటలోని ఉప్పు ఇనుముకు శత్రువు కనుక చేతి తొడుగులు తప్పనిసరి. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో గాలిలోని తేమే అసలు ముప్పు. అక్కడ మెరుగు పెట్టడంకన్నా తేమ చేరని అద్దాల పెట్టెకు ఖర్చు చేయడం మేలు. కర్ర విరిగితే అతకవచ్చు గానీ, ఆ అతుకు రేపు విప్పడానికి వీలుండాలి.

చట్టం మాటేమిటి?

వందేళ్లు దాటిన చారిత్రక వస్తువును 1972 నాటి పురావస్తు చట్టం పురావస్తువుగా గుర్తిస్తుంది. అంతమాత్రాన ఆయుధ చట్టం వర్తించకుండా పోదు. మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధానికే 1959 నాటి ఆయుధ చట్టం మినహాయింపునిచ్చింది. అందువల్ల ఇంట్లో తాతల నాటి తుపాకీ బయటపడితే ముట్టుకోకుండా పోలీసులకు తెలపాలి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. పేలకుండా చేయడానికి గొట్టానికి రంధ్రం పెట్టినా, లోపల వెల్డింగు చేసినా తుపాకీ శాశ్వతంగా మారుతుంది. గట్టి కాపలా, తాళం ఉన్న మ్యూజియంలో ఆ నష్టాన్ని తప్పించవచ్చేమో అధికారులు పరిశీలించాలి. అటువంటి భద్రత లేనిచోట ప్రజల ప్రాణాలే ముఖ్యం.

ఏ నిర్ణయమైనా ముందు ఆర్మరర్‌తో తూటా లేదని నిర్ధారించుకోవాలి. ప్రతి ముద్రనూ ఫొటో తీసి, సంఖ్యలను రిజిస్టరులో ఎక్కించాలి. ఆ తర్వాతే చేయి వేయాలి. ఈరోజు మెరుగు పెట్టని తుపాకీకి రేపైనా పెట్టవచ్చు. ఈరోజు అరగదీసిన దానిని ఎవరూ వెనక్కి తేలేరు.