అనుసరింపదగిన రచయిత జాడ

ఓరియంటల్ కళాశాలల అధ్యాపకులు కలిసినపుడు ఈ మధ్య తఱచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. అంతర్జాలమున తెలుగులోను, సంస్కృతములోను వ్రాయువారు పెక్కండ్రున్నారు గదా, వారిలో ఎవరిని చదువవలెను, వారిని కనుగొనుట యెట్లు అని. ప్రశ్న చిన్నదిగా తోచును గాని దీనిపై మన పత్రికలో చర్చ జరుగుట అవసరమని నా అభిప్రాయము.

మేము పాఠశాలలో చదువుకొన్న కాలమున క్రొత్తగా వచ్చిన పండితుని గుఱించి రెండు ప్రశ్నలు వేసెడివారు. ఎవరి యొద్ద చదివినారు? ఏ గ్రంథము పాఠము చెప్పుదురు? శిష్యులెందరని మూడవదానిని అడిగినను అడుగకున్నను లోటుండెడిది కాదు. నేటి రచనా వేదికలు ఆ మూడవదానినే పెద్ద అంకెలలో చూపుచున్నవి. మొదటి రెంటికిని అందు చోటే లేదు.

ఈ శతాబ్ది మొదటి దశకమున తెలుగులో బ్లాగులు విస్తరించినపుడు కూడలి, జల్లెడ, హారం, మాలిక అను సంకలినులు వెలసినవి. ఎవరెక్కడ క్రొత్తగా వ్రాసినను వానిని కాలక్రమమున ఒకచోట చూపుటయే వాని పని. ఛందస్సుపై వ్యాసమును, చలనచిత్రముపై వ్యాఖ్యయు ఒకే వరుసలో నిలిచెడివి. దీనిని చూచి నవ్విన పండితులున్నారు. నాకు మాత్రము అది గుణముగనే తోచినది. పేరు తెలియని రచయితయు ఒక పూట అందఱి కంట బడెడివాడు. వానిలో కొన్ని నేడు లేవు. వ్రాయువారు పెక్కురు ఫేస్‌బుక్కునకు, వాట్సాప్ బృందములకు తరలిపోయినారు. అక్కడ నేడు వ్రాసినది రేపటికి అడుగున పడును.

ఇందు నా నష్టమొకటి చెప్పవలెను. విశ్రాంత అధ్యాపకులొకరు కారకప్రకరణముపై తెలుగున వరుసగా వివరణ వ్రాయుచుండిరి. బాలురకును బోధపడునట్లు, శాస్త్రము చెడకుండ వ్రాసినారు. నేను ఏడు భాగములు మాత్రము నోటుపుస్తకములో ఎత్తి వ్రాసికొంటిని. తక్కినవి తీరికగా చూతమనుకొంటిని. ఇంతలో ఆ వేదిక మూతపడినది. ఆయన కలము పేరే గాని అసలు పేరు నేనెఱుగను. ఎవరిని అడుగవలెను?

రచనను పాఠకునికి చేర్చు విషయమున మా విజయవాడకు చెప్పదగిన చరిత్ర కలదు. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ ఇచ్చటనే జరిగినది. 1935లో పాతూరి నాగభూషణము గారు కొల్లూరు, పెదవడ్లపూడిల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిరి. పుస్తకమే పాఠకుని రేవునకు వచ్చినది. నేడు వ్రాత అందఱి చేతిలోని ఫోనులోనికే వచ్చుచున్నది. ఏ పడవలో ఏమున్నదో చెప్పు పట్టిక మాత్రము లేదు.

కావున మొదట కావలసినది మన భాష నెఱిగిన వెదకులాట. చెఱువు అని ఒకరు, చెరువు అని మఱియొకరు వ్రాయుదురు. పఙ్క్తి అనియు, పంక్తి అనియు రెండు విధములు. వాఁడు అని అరసున్న పెట్టువారు ఇంకను ఉన్నారు, నేను వారిలో నొకడను. అక్షరమును అక్షరముతో పోల్చు యంత్రమునకు ఇవన్నియు వేర్వేఱు పదములే. సంధి వచ్చినచో చిక్కు మఱింత ముదురును. ఆలయము అని వెదకినవానికి దేవాలయము దొరకదు. అచ్చటి ఆకారము దీర్ఘపు గుర్తుగా మాఱిపోయినది గదా. సమాసబహుళమైన శాస్త్రరచన ఇట్టి వెదకులాటకు సగము చిక్కదు. సంధి విడదీయు ప్రక్రియలపై విశ్వవిద్యాలయములలో కృషి జరుగుచున్నది. దాని ఫలము సామాన్య పాఠకుని వెదకు పెట్టెలోనికి రావలెను.

రెండవది, రచయిత పేరు క్రింద ఆయన చదువు గ్రంథములు, ఆయన అనుసరించు రచయితలు కనబడవలెను. ఆధారము లేని మాట వ్రాయనని ప్రతిజ్ఞ చేసి వ్యాఖ్యానించిన మల్లినాథసూరి మనకు ఆదర్శము గదా. ఒక మంచి రచయిత ఎవరిని చదువునో తెలిసినచో ఆయన ద్వారా మఱి నలుగురు దొరకుదురు. దిద్దుబాటు చేసినపుడు పాత పాఠమును నిలుపుట, రచన నంతయు ఒక్కసారిగా దింపుకొను వీలు కల్పించుట కూడ వలయును. అవి ఉన్నచో నాకు పై నష్టము కలుగకుండెడిది.

మన అభిరుచిని గమనించి యంత్రమే తగిన రచయితలను చూపుచున్నది, ఇంక వెదకుట యెందులకని యువ అధ్యాపకులు కొందఱనుచున్నారు. చూపుచున్న మాట నిజమే. కాని నేను మెచ్చినవానికి దగ్గఱగా నున్నవానినే అది మఱల మఱల ముందు పెట్టుచున్నది. నాకు కావలసినది నా మతమును ఖండించువాడు. పూర్వపక్షి లేనిచో సిద్ధాంతి ఎవరితో వాదించును? ఒక వ్యాసము క్రింద దానిని సహేతుకముగా కాదన్న వ్యాసమును చూపు వేదికను నేనింతవఱకు ఎఱుగను. ఉన్నచో చెప్పిన సంతోషింతును.

వేదికలను నిర్మించువారు మన మాట ఎప్పుడు విందురో తెలియదు. అంతవఱకు ఈ పత్రికలో సంచికకొక పుట దీనికై కేటాయింపుడని సంపాదకులను కోరుచున్నాను. అధ్యాపకులు తాము చదువుచున్న అంతర్జాల రచయిత పేరు, విషయము, ఆయన ఆధారముగా గొన్న గ్రంథములు నాలుగు పంక్తులలో వ్రాసి పంపవచ్చును. రచయిత అనుమతితో మంచివానిని అచ్చుకాగితముపై తీసి కళాశాల గ్రంథాలయమున భద్రపఱుపవచ్చును. నా యొద్దనున్న కారకప్రకరణ వివరణము ఏడు భాగములకును నకలు ఈ వ్యాసముతో పంపుచున్నాను. ఎనిమిదవ భాగము మొదలుకొని ఎవరి యొద్దనైనను ఉన్నచో సంపాదకుల ద్వారా తెలుపగోరెదను.