అమ్మని ఎవరు ఎత్తాలి?

(పల్లె నుంచి పాఠాలు – 17)

రెండు వారాలుగా ఈ వరుసలో ఏమీ రాయలేదు. విద్యార్థులు చాలామంది ఏమైందని అడిగారు. ఏమైందో చెప్తే అదే ఈ వారం పాఠం అవుతుంది కాబట్టి చెప్తున్నాను.

నాలుగు నెలల క్రితం మా అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ తనంతట తాను లేవలేదు. ఒకరు ఎత్తి కూర్చోబెట్టాలి, ఒకరు కడగాలి. నేను పొద్దున్నే కాలేజీకి పోవాలి. అన్న హైదరాబాదులో తాపీ పని. ఊళ్లో ఒక్కతే ఉండలేదు. "మంచి హోమ్ ఏదైనా చూడు మేడం, ఈ రోజుల్లో తప్పేముంది" అన్నారు స్టాఫ్‌రూంలో. తప్పని నేనూ అనుకోలేదు. చూడ్డం మొదలుపెట్టాను.

ముందు మా అమ్మ ఎవరో చెప్పాలి. ముప్పై ఏళ్లు మిరపకోతలకీ పత్తితీతలకీ పోయింది. నాన్న చనిపోయాక గుంటూరులో ఒకరింట్లో ఆయాగా చేరింది. ఆ ఇంటి పెద్దామె మంచంలో ఉండేది. ఎనిమిదేళ్లు అమ్మ ఆమెని ఎత్తింది, కడిగింది, బట్టలు మార్చింది, ముద్దలు కలిపి పెట్టింది. ఆమె ఒంటిని ముట్టుకోడానికి అడ్డురాని కులం అమ్మ టీ గ్లాసు దగ్గర మాత్రం అడ్డొచ్చేది. ఆ గ్లాసు పెరటి కిటికీలో విడిగా ఉండేది. ఆ జీతంతోనే నేను ఎం.ఏ. చదివాను. నా డాక్టరేట్ కింద ఆ గ్లాసు ఉంది.

ఆసుపత్రి మంచం మీద అమ్మ నన్ను అడిగిన మాట ఇది: "నేనెత్తాను గదే ఆమెని ఎనిమిదేళ్లు. ఇప్పుడు నన్నెవురు ఎత్తుతారే?"

మూడు చోట్ల చూశాను.

మొదటిది బాగా శుభ్రంగా ఉంది. నెలకు 28,000. డిపాజిట్ లక్షన్నర. డైపర్లు, ఫిజియోథెరపీ, మందులు వేరే. నా జీతం 41,000. నాది ప్రైవేటు కాలేజీ. ఇంటద్దె, పాప ఫీజు పోను ఆ లెక్క ఎట్లా కుదరదో మీకు చెప్పక్కర్లేదు. అయినా అప్పు చేద్దామనుకున్నాను. అప్పుడు మేనేజరుగారు ఇంటిపేరు అడిగారు. ఊరు అడిగారు. ఊళ్లో ఎక్కడని అడిగారు. తర్వాత చాలా మర్యాదగా అన్నారు: "మాది ప్యూర్ వెజ్ అమ్మా. ఇక్కడందరూ ఒకే పద్ధతివాళ్లు. మీ అమ్మగారికే ఇబ్బంది." వద్దనలేదు చూడండి. మా అమ్మ ఇబ్బంది గురించి బాధపడ్డారు.

అదే వరండాలో ఒకామె ఒక ముసలాయన చేయి పట్టుకుని నడిపిస్తోంది. వాళ్ల కోసం వంట చేస్తున్నామెని, నడిపిస్తున్నామెని పలకరించాను. ఇద్దరూ మనవాళ్లే. మనం ఆ ఇంట్లోకి పోవచ్చు. పనికైతే పోవచ్చు, పడుకోడానికి పోకూడదు.

రెండోది ధర్మసంస్థ నడిపేది. డబ్బు తీసుకోరు. కానీ తన పని తాను చేసుకోగలిగినవాళ్లనే తీసుకుంటారు. మంచాన పడినవాళ్లని చూసే మనుషులు వాళ్ల దగ్గర లేరు. వాళ్లని తప్పుపట్టలేను.

మూడోది మామూలు ఇల్లు. పై అంతస్తులో పది మంచాలు. నెలకు 15,000. రాత్రి ఎంతమంది ఉంటారని అడిగితే ఒక్క ఆయా అన్నారు. పదిమందికి ఒక్కతి. ఆమె ఎప్పుడు నిద్రపోతుందని అడిగితే నవ్వారు.

తెలుగు కథ మీద పరిశోధన చేసినదాన్ని కాబట్టి ఒక మాట. మన పత్రికల్లో వృద్ధాశ్రమం కథంటే దాదాపు ఒకటే కథ. కొడుకు అమెరికాలో, తండ్రి ఆశ్రమంలో, చివర్లో ఒక ఉత్తరం, పాఠకుడికి కన్నీళ్లు. ఆ దుఃఖం అబద్ధం కాదు. కానీ ఆ కథలో ఆ తండ్రి దుప్పటి మార్చే మనిషికి పేరుండదు. ఆమెకి కూడా ఒకరోజు అరవై ఏళ్లొస్తాయన్న ఊహ ఆ కథకి రాదు.

అసలు "ఆశ్రమం" అన్న మాట చూడండి. బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్యాసం. ధర్మశాస్త్రాలు ఈ నాలుగు మెట్లూ కట్టింది ద్విజుల కోసం. పనిచేసి పనిచేసి అలిసిపోయాక తప్పుకుని కూర్చునే హక్కు శూద్రుడికే రాయలేదు, వర్ణం బయట ఉన్నవాళ్ల సంగతి ఇంకెక్కడ? మన తాతలకి వానప్రస్థం లేదు. చచ్చేదాకా కూలి ఉంది.

మనకి విశ్రాంతిని హక్కుగా రాసింది ధర్మశాస్త్రం కాదు, రాజ్యాంగం. 41వ అధికరణ చదవండి. వృద్ధాప్యంలో, జబ్బులో, వైకల్యంలో ప్రభుత్వ సాయం పొందే హక్కు గురించి రాజ్యం ఏర్పాటు చేయాలంటుంది. అయితే ఆదేశిక సూత్రాల్లో ఉంది, "ఆర్థిక స్తోమత మేరకు" అని ఉంది. ఆ స్తోమత ఎంతో చూద్దాం.

ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛనులో 60 నుంచి 79 ఏళ్ల పేద వృద్ధురాలికి కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. ఎనభై దాటితే 500. మన దగ్గర పింఛను 4,000 వస్తోందంటే మిగతాది రాష్ట్రం కలిపేది. ఇప్పుడు ఇదే కేంద్రం పన్నుల లెక్క చూడండి. ప్రభుత్వమో, నమోదైన ధర్మసంస్థో నడిపే వృద్ధాశ్రమం ఒక్కొక్కరి దగ్గర తిండికీ బసకీ కలిపి నెలకు 25,000 దాకా తీసుకుంటే జీఎస్టీ మినహాయింపు ఉంది. అంటే ఒక ముసలి మనిషిని ధర్మంగా చూసుకోడానికి నెలకు పాతికవేలు అయినా అవ్వొచ్చని ఢిల్లీకి తెలుసు. తెలిసే మా అమ్మ పేరున 200 రాసింది.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. మంచి చట్టమే, వాడుకోవాలి. కానీ అది ఎవరిని ఊహించుకుని రాశారో గమనించండి. 23వ సెక్షన్, చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి మోసపోయినవాళ్లకి ఆస్తి వెనక్కి ఇప్పిస్తుంది. రాసివ్వడానికి సెంటు భూమి లేని మనిషికి ఆ సెక్షన్‌తో పనేముంది? ట్రిబ్యునల్ పిల్లల చేత నెలకు 10,000 దాకా ఇప్పించొచ్చు. మా ఇంట్లో ఆ పదివేలు ఎవరు కట్టాలి? పని ఉన్న రోజు కూలి, లేని రోజు పస్తు ఉండే మా అన్న కట్టాలి.

మనకి పనికొచ్చే సెక్షన్ 19. ప్రతి జిల్లాలో కనీసం ఒక వృద్ధాశ్రమంతో మొదలుపెట్టి, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకి చోటు ఉండేలా రాష్ట్ర ప్రభుత్వాలు నడపవచ్చు అంది. "నడపవచ్చు" అంది, "నడపాలి" అనలేదు. ఒక్క క్రియాపదంలో మన అమ్మల మంచాలన్నీ పోయాయి.

చివరికి ఏం చేశానంటే, పాత ఇల్లు ఖాళీ చేసి గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి మారాను. పగలు ఒక అక్క వస్తుంది. ఏజెన్సీ ద్వారా అయితే నా దగ్గర 22,000 తీసుకుని ఆమెకి 13,000 ఇస్తామన్నారు. మధ్యలో తొమ్మిదివేలు ఎవరిని ఎత్తినందుకో తెలీలేదు. నేరుగా మాట్లాడుకున్నాం. పగటిపూటకే 14,000. ఆదివారం సెలవు. రాత్రులు నేను. అన్న మూడువేలు పంపుతాడు. అమ్మ పింఛను డైపర్లకి సరిపోదు.

ఆ 14,000 చాలదని నాకు తెలుసు. ఆమె నడుం నొప్పి నాకు కనిపిస్తూనే ఉంది. మా అమ్మని ఎత్తిన ఈ అక్కని రేపు ఎవరు ఎత్తాలి? ఈ ప్రశ్న ఇప్పుడు యజమానిగా నా మీదికే వచ్చింది. తప్పించుకోను. మా ఇంట్లో ఆమె గ్లాసు మా గ్లాసుల్లోనే ఉంటుంది. అదొక్కటే చాలని మాత్రం అనుకోవద్దు. గ్లాసు కలిపి జీతం తగ్గించడం కూడా మనకి తెలిసిన మోసమే.

మీలో ఎవరికైనా ఈ అవసరం రావచ్చు. వస్తే నేను నేర్చుకున్నవి నాలుగు మాటలు. నెల ఫీజు అడగడం కాదు, అందులో ఏవి లేవో అడిగి కాగితం మీద రాయించుకోండి. డిపాజిట్ ఎప్పుడు, ఎంత కోసుకుని తిరిగిస్తారో, మనిషి మంచాన పడితే ఉంచుకుంటారో పంపేస్తారో ఒప్పందంలో చూడండి. రాత్రి డ్యూటీలో ఎంతమందో అడగండి. మేనేజరు చెప్పింది విన్నాక బయట టీ కొట్టు దగ్గర ఆయాలతో మాట్లాడండి. వాళ్లు మనవాళ్లే, నిజం చెప్తారు. కులం అడిగి వద్దంటే ఊరికే లేచి రాకండి. నేను అట్లాగే లేచి వచ్చాను, అది నా తప్పు. అందరికీ అందించే సేవని అంటరానితనం పేరున నిరాకరించడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం. కానీ వాళ్లు కులం పేరెత్తరు, "వెజ్" అంటారు. అందుకే ఏమన్నారో, ఎప్పుడన్నారో, ఎవరి ముందు అన్నారో ఆ రోజే రాసిపెట్టుకోండి.

"అమ్మని హోంలో వేస్తావా" అని మిమ్మల్ని నిలదీసేవాళ్లకి ఒకటే జవాబు చెప్పండి. వేయడం కాదు సిగ్గు. మన అమ్మలకి చోటు లేకపోవడం సిగ్గు. ఇంట్లోనే ఉంచుకోమని చెప్పే ప్రతి నీతి వెనకా ఉద్యోగం మానేసే ఒక ఆడపిల్ల ఉంటుంది.

విద్యార్థి సంఘాల తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక పని. సమాచార హక్కు దరఖాస్తుకి పది రూపాయలు. మన జిల్లాలో సెక్షన్ 19 కింద వృద్ధాశ్రమం ఉందా, ఎన్ని మంచాలు, అందులో ఎస్సీ ఎస్టీలు ఎంతమంది, ఆయాలకి జీతమెంత? ఈ నాలుగే అడగండి. హాస్టళ్ల కోసం మనం కొట్లాడాం, కొట్లాడుతున్నాం. చదువుకునే వయసుకి హాస్టల్ హక్కయితే, లేవలేని వయసుకి మంచం ఎందుకు హక్కు కాదు? వచ్చిన జవాబులు నాకు పంపండి. జిల్లాల వారీగా వచ్చే వారాల్లో ఇక్కడే పెడతాను.

నిన్న రాత్రి అమ్మని పక్కకి తిప్పుతుంటే నా చేయి జారింది. "నడుం మీద కాదే, భుజం కింద పట్టుకో. మోకాళ్లు వంచు" అంది. ఎనిమిదేళ్లు చేసిన పని కదా. ఎట్లా ఎత్తాలో చదువుకున్న నాకు రాదు, ఆమెకొచ్చు. దాన్ని నైపుణ్యం అంటారని, దానికి జీతం, పింఛను ఉండాలని ఈ దేశం ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

జై భీమ్.