సంతకం పెట్టిన్రు సరే, షరతులు చదివిన్రా?

నేరం రుజువైందని కోర్టు తేల్చింది. జైలుకు మాత్రం పంపలేదు. బాండ్ మీద సంతకం తీసుకొని ఇంటికి పొమ్మన్నది. గేటు దాటగానే దోస్తులు దండలు వేస్తారు, 'కేసు ఎగిరిపోయింది' అంటారు. ఎగిరిపోలేదు. శిక్ష ఆగింది, అంతే. అది మళ్లీ మెడకు చుట్టుకునేదీ లేనిదీ ఆ బాండ్‌లోని షరతుల మీద ఉంటుంది.

ఉద్యోగులకు ప్రొబేషన్ అంటే కొత్త కొలువులో మొదటి రెండేండ్లు గుర్తొస్తాయి. కోర్టు ప్రొబేషన్ వేరు. బెయిల్ కూడా కాదు. బెయిల్ తీర్పుకు ముందు, ఇది నేరం రుజువైన తర్వాత. 1958 నాటి నేరస్తుల ప్రొబేషన్ చట్టం ప్రకారం, ఉరి లేదా యావజ్జీవం పడే నేరం కాకపోతే, మనిషి నడవడిక చూసి కోర్టు ఇట్లా వదిలిపెట్టవచ్చు. 21 ఏండ్లు నిండనివారిని జైలుకు పంపాలంటే కారణాలు రాయాల్సిందే. రైల్‌రోకోకు రైల్వే చట్టం 174వ సెక్షన్ కింద రెండేండ్ల దాకా జైలు పడొచ్చు. పట్టాల మీద కూర్చున్న విద్యార్థి తరఫున వకీలు ప్రొబేషన్ అడగకపోతే అది ఆ పిల్లగానికి అన్యాయమే.

బాండ్ గడువు మూడేండ్లు దాటదు. ఆ గడువులో పిలిస్తే వచ్చి శిక్ష తీసుకోవాలి. శాంతిగా, సత్ప్రవర్తనతో ఉండాలి. ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణ పెడితే అది కనీసం ఏడాది. ఎక్కడ ఉండాలి, మత్తుకు దూరంగా ఉండాలి వంటి షరతులూ చేరతాయి. చదువు కోసమో బదిలీ మీదనో ఊరు మారాల్సి వస్తే చెప్పకుండా పోవద్దు. ముందు ఆఫీసర్‌ను కలవాలి. ఆయన దరఖాస్తు చేస్తే 8వ సెక్షన్ కింద కోర్టు షరతులు మార్చవచ్చు.

షరతు తప్పితే ఏమైతది? 9వ సెక్షన్ చూడండి. కోర్టు సమన్లు పంపవచ్చు, వారంట్ ఇవ్వవచ్చు. జమానతు ఉన్నవారినీ పిలవవచ్చు. విచారణలో తప్పు తేలితే పాత నేరానికే శిక్ష వేయవచ్చు. మొదటిసారైతే 50 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టనూవచ్చు. యాభయ్యే కదా అని నవ్వుకోవద్దు. అది కట్టకపోయినా పాత శిక్ష పడవచ్చు. అయితే పోలీసు చెప్పిన మాటే తీర్పు కాదు. విచారణలో మన మాట వినిపించే హక్కు మనకున్నది.

కొలువుల్లో ఉన్నవారు, కొలువుల కోసం చదువుతున్నవారు 12వ సెక్షన్ గుర్తుంచుకోవాలి. నేరం రుజువైనందుకు వచ్చే అనర్హత ప్రొబేషన్ పొందినవారికి అంటదని అది చెబుతుంది. షరతు తప్పి పాత నేరానికి శిక్ష పడితే ఆ రక్షణ కూడా పోతుంది. ఇంకో మాట. ప్రొబేషన్ ఇచ్చినంత మాత్రాన శాఖాపరమైన చర్య ఆగదని సుప్రీంకోర్టు 1975లో, 1990లో చెప్పింది. ఆఫీసులో పోరాటం వేరే చేయాల్సిందే.

శాంతిగా ఉండమంటే నోరు మూసుకొమ్మని కాదు. సభకు పోవడం, కరపత్రం పంచడం నేరాలు కావు. కానీ బాండ్ కింద ఉన్న పిల్లలను ముందు వరుసలో నిలబెట్టి, రాళ్లు లేచేచోట వదిలేసే నాయకత్వాన్ని నిలదీయాలి. కొత్త కేసు వస్తే పాత శిక్ష కూడా మోయాల్సింది ఆ పిల్లలే, వేదిక మీది పెద్దలు కాదు.

పర్యవేక్షణ ఉత్తర్వు ఇస్తే షరతులు వివరించాలని, నకలు చేతికివ్వాలని చట్టమే కోర్టుకు చెప్పింది. ఇంగ్లీషు కాగితం ముందుపెట్టి 'ఇక్కడ సంతకం పెట్టు' అంటే సరిపోదు. తెలుగులో చెప్పమని అడగండి. నకలు తీసుకోండి. గడువు తేదీ ఇంట్లో గోడ మీద రాసుకోండి. అడగడం తప్పు కాదు, హక్కు.